పదమూడు మెట్లు

ఫిబ్రవరి 4

మామయ్యకి,

ఈ అక్షరాలు చూసి ఎవరో బళ్ళో పిల్ల రాసిందనుకుని పక్కన పడేస్తావేమో, ముందే చెబుతున్నాను, రాసింది నేనే. రాత ఎందుకిలా అయిందో చూస్తే నీకే తెలిసిపోతుంది. విడమరిచి రాయడానికి నాకింకా మనసు రావడం లేదు. పోయిన నెల రిహార్సల్ హాల్లో ఇనుప తలుపు గాలికి విసురుగా వచ్చి పడింది. దెబ్బ గట్టిదే. డాక్టరు చెయ్యగలిగిందంతా చేశాడు, మునుపటిలా మాత్రం ఉండదు అన్నాడు.

అమ్మ పోయాక కష్టం వస్తే చెప్పుకోవడానికి నాకు నువ్వూ అత్తయ్యే మిగిలారు. అయినా ఇది ఓదార్పు కోసం రాసిన ఉత్తరం కాదు. నీతో పనిపడింది.

నాకు మెట్లు కావాలి మామయ్యా. పదమూడు. మామూలు మెట్ల మీద ఇక నా వల్ల కావడం లేదు. పళ్ళు బిగించి ప్రయత్నించాను, రెండు మెట్లు దాటేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బజార్లో దొరికేవన్నీ ఒళ్ళు సరిగ్గా ఉన్నవాళ్ళ కొలతలకి చేసినవే. నాకు ఒక్కోటీ జానెడు వెడల్పు, మూరెడు పొడవు కావాలి. ఎంత బరువు పడినా తట్టుకోవాలి. కిర్రుమని ఒక్క చప్పుడు కూడా రాకూడదు. వాటికింద పలచటి సెన్సర్ బిళ్ళలు నేను అతికించుకుంటాను. ఏ మెట్టు మీద బరువు పడింది, ఎంత పడింది, ఎప్పుడు లేచింది, ఈ సంగతులు అవి కంప్యూటర్‌కి చెబుతాయి. మొత్తం కలిపి దాన్ని మిడి కంట్రోలర్ అంటారు.

జూన్‌లో పెద్ద హాల్లో నా కచేరీ ఉంది. తలుపు పడకముందు ఒప్పుకున్నది. హాలు మేనేజరు మర్యాదస్తుడు, మానేసినా ఏమీ అనుకోనన్నాడు. కానీ ఈసారి మానేస్తే ఇక ఎప్పటికీ మానేసినట్టే, ఆ సంగతి నాకు తెలుసు. ఆ మెట్లుంటేనే నేను స్టేజి మీదికి వెళ్ళేది.

చేస్తావు కదూ?

నీ గిలక్కాయ


ఫిబ్రవరి 12

ఒసేయ్ గిలక్కాయా,

మనిషికి దెబ్బ తగిలితే నెల గడిచాక చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావే? మామయ్య చెవులు రంపం మిషన్లు తినేశాయి, ఫోన్ చేస్తే ఏం లాభం అనుకున్నావేమో. మీ అత్తయ్య చెవులు శుభ్రంగా ఉన్నాయి. నేను మనసులో తిట్టుకునేవి కూడా దానికి వినపడతాయి. అది అనేవి నేను పెదాలు, సైగలు చూసి పోల్చుకుంటాను. నాకూ ఒక ఫోన్ కొని అందులో రాసుకోమంటోంది గానీ, మోగినా వినపడనిదాన్ని జేబులో మోసుకు తిరగడం దేనికని ఒప్పుకోలేదు. కాగితం, పెన్సిలు ఉంటే నాకు చాలు.

నీ రాత చూశాను. మంచం మీద పడుకుని రాసినట్టుంది. లేచి కూర్చోలేకపోతున్నావా? తిండి ఎవరు పెడుతున్నారు?

మెట్లు అడిగావు, సరే. జుట్టు నెరిసేదాకా చేసింది అదే పని, నిన్ను కాదంటానా? కానీ పదమూడేంటే? కచేరీ చేస్తున్నావా, మేడ కడుతున్నావా? మిడి అంటే నాకు తెలిసింది మిడిమిడి జ్ఞానం ఒక్కటే. దానికి కంట్రోలర్ కూడా ఉందంటే మీ అత్తయ్య, అది ముందు నీకే కొనాలి అంది.

వెడల్పు, పొడవు నువ్వు రాసినవి కొంచెం తక్కువ. వాటి సంగతి నాకొదిలెయ్. ఎత్తు ఎంత కావాలో రాయి. కాళ్ళ సంగతి కూడా దాచకుండా రాయి.

మీ మామయ్య


ఫిబ్రవరి 20

మామయ్యా,

నీ మేడ జోకు చదివి చాలా రోజుల తర్వాత నవ్వాను. లేచే కూర్చుంటున్నాను, బాగానే తింటున్నాను, బెంగపెట్టుకోకు. మొత్తం ఎత్తు నా నడుం దాకా వస్తే చాలు. ఒక్కో మెట్టు ముందుదానికన్నా రవ్వంత ఎత్తులో ఉంటే ఇంకా మంచిది, కళ్ళు మూసుకున్నా ఎక్కడున్నానో తెలుస్తుంది.

కాళ్ళ గురించి నువ్వు అంతగా ఆలోచించకు. మడతపెట్టేవైతే మేలు, కుదరకపోతే విప్పి పక్కన పెట్టేసేవైనా ఫర్వాలేదు. కారులో పట్టాలి కదా. కొయ్యవి నాకు బరువు. అల్యూమినియంవి తేలిగ్గా ఉంటాయట, బజార్లో దొరుకుతాయట, అవి నేనే కొనుక్కుంటాను. చూడ్డానికి బాగోకపోయినా నష్టం లేదు, ఎలాగూ నల్లగుడ్డ కప్పేస్తాను.

నిన్న ఒక బిళ్ళ తెచ్చి బల్లకింద అతికించి చూశాను. పుట్టినరోజు కార్డు తెరిస్తే పాట వస్తుందే, అందులో ఉండే బిళ్ళే అది. రూపాయి కాసంత కూడా మందం ఉండదు. బల్ల మీద పెన్సిలు జారవిడిస్తే స్క్రీన్ మీద పద్దెనిమిది అని పడింది. నిఘంటువు పడేస్తే నూట ఇరవైయేడు. మిడిలో అంతకుమించి అంకె లేదు, కొండ వచ్చి పడినా నూట ఇరవైయేడే. తర్వాత ఊరికే బల్ల మీదికి ఊదాను మామయ్యా. ఒకటి అని పడింది. నా ఊపిరి బరువు ఒకటి. చాలాసేపు ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను.

తమాషా ఏంటంటే ఆ బిళ్ళా, దాన్ని కంప్యూటర్‌కి కలిపే బోర్డూ ఏ శబ్దమూ చెయ్యవు. అసలు కంట్రోలరే మూగది. జరిగింది జరిగినట్టు చెబుతుంది, అంతే. అది గంటలా మోగాలా, ఈలలా పలకాలా అన్నది తర్వాత నేను చెప్పుకోవాలి.

గిలక్కాయ


మార్చి 3

అమ్మా గిలక్కాయా,

నీ ఉత్తరం అందింది. చదివి మడిచి జేబులో పెట్టుకుని మళ్ళీ పనిలోకి వెళ్ళాను. చిత్రిక చేతిలో ఆడలేదు. మీ అత్తయ్య నా మొహం చూసి జేబులోంచి లాక్కుని చదివింది. తర్వాత ఇద్దరం చాలాసేపు అలాగే కూర్చుండిపోయాం.

అంత పెద్ద సంగతి అంత తేలిగ్గా ఎలా రాయగలిగావే? మీ అమ్మ ఉంటే ఏమైపోయేదో. నీ గుండె నిబ్బరానికి దండం పెట్టాలి. ఇక నేనేమీ అడగను. చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెబుతావు. మీ అత్తయ్య ఫోన్ చేస్తానంటోంది. దాన్ని కాస్త ఏడవనివ్వు, కడుపులో పెట్టుకుంటే దానికి జ్వరం వస్తుంది.

మన ఇంటి మీదిగదికి వాడదామని పాత టేకు దాచి ఉంచాను. ఇన్నాళ్ళూ ఆ గదికి నిచ్చెనతోనే గడిచింది, ఇకముందూ గడుస్తుంది. ఆ టేకు నీకే. రెండు పక్కలా పట్టుకోవడానికి కూడా పెడుతున్నాను. నువ్వు అడగలేదు, అయినా పెడుతున్నాను. వద్దనకు.

మీ మామయ్య


మార్చి 15

మామయ్యా,

అత్తయ్య ఫోన్ చేసింది. నన్ను ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. ఎలా ఉన్నావే తల్లీ అని అడిగి, జవాబు చెప్పేలోపే ఏడుపు. అలవాటవుతోంది అత్తయ్యా అన్నాను. దాంతో ఇంకా ఎక్కువైంది. చివరికి నేనే ఓదార్చాల్సి వచ్చింది.

మీకు అర్థమైందని తెలిశాక నాకూ గుండె తేలికపడింది. నోటితో చెప్పే పని తప్పించారు. పట్టుకోవడానికి పెడతానన్నావు చూడు, మంచి ఆలోచన. మోసుకెళ్ళడానికి పనికొస్తుంది. హాల్లో ఇద్దరు మనుషులున్నారు, చెరోవైపు పట్టుకుని స్టేజి మధ్యలో దించేస్తారు, కచేరీ అయ్యాక మళ్ళీ వాళ్ళే తీసేస్తారు. నాకేం ఇబ్బంది లేదు.

మేనేజరుకి రద్దు చెయ్యనని చెప్పేశాను. పోస్టర్లు కూడా వేశారు. చెప్పి ఇంటికొచ్చాక భయం వేసింది. సంగీతం నాకు వచ్చిన ఒకే ఒక్క పని మామయ్యా. అది పోతే నేనెవరినో నాకు తెలియదు. మెట్లు ఎప్పుడొస్తాయా అని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను.

గిలక్కాయ


ఏప్రిల్ 9

గిలక్కాయా,

లారీలో వేసి పంపాను. ఈ ఉత్తరం డ్రైవరు చేతికే ఇచ్చాను, గుడ్డ విప్పకముందే చదువు.

నా చేతులతో ఎన్ని మెట్లు చేశానో గానీ ఇలాంటివి చెయ్యలేదు, ఇక చెయ్యను కూడా. పదమూడూ ఒకే మాను నుంచి మలిచినట్టు ఉంటాయి. ఎక్కడా మేకు లేదు. చెంబుతో నీళ్ళు పోసినా ఒక్క అతుకులోంచి చుక్క కిందికి దిగదు. చప్పుడు కాకూడదన్నావు. చెవులు లేనివాణ్ణి నన్ను నేను నమ్మలేక మీ అత్తయ్యని పైనుంచి కిందిదాకా గెంతించాను. కిర్రుమంటే అది నన్ను బతకనిస్తుందా? ఏమీ అనలేదు.

ఒక్కో మెట్టు ఎత్తు రెండు మూడు వేళ్ళే. అందుకని భయపడకు. ముందు ఆ కాళ్ళు నెమ్మదిగా తొడుక్కుని పట్టీలు సరిగ్గా బిగించుకో. రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకో, బరువంతా దాని మీద వేసినా ఊగదు. మొదటి మెట్టు మీద నిలబడి ఊపిరి పీల్చుకో. ఎవరైనా మోస్తామంటే ఒప్పుకోకు. నా మేనకోడల్ని ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని స్టేజి మధ్యలో దించడమేంటి? నీ అంతట నువ్వే ఎక్కి వెళ్ళాలి. అందుకే చేశాను ఇవి.

నువ్వు మొదటిసారి ఎక్కేటప్పుడు పక్కన ఉండాలని ఉంది. ఉంటే ఏడుస్తాను. అందుకే రాలేదు.

మామయ్య


ఏప్రిల్ 16

మామయ్యా,

నా కాళ్ళు రెండూ ఉన్నాయి.

ఈ వాక్యం ఇంకోసారి చదువు, అత్తయ్యకి కూడా చదివి వినిపించు, ఆ తర్వాత మిగతాది చదువు. నా కాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. నలిగింది కుడిచేతి వేళ్ళు. నాలుగు వేళ్ళు వంగడం లేదు. రాత పాడైంది మంచం మీద పడుకుని రాసినందుకు కాదు, ఎడమచేత్తో రాసినందుకు. నేనడిగిన మెట్లు హార్మోనియం మెట్లలాంటివి, కీబోర్డు మీద తెల్లవీ నల్లవీ ఉంటాయే, అవి. వేళ్ళతో వాయించలేను కనుక అరచేత్తో నొక్కేలా పెద్దవి చేయించుకుందామనుకున్నాను. మడతపెట్టే కాళ్ళు స్టాండువి. నల్లగుడ్డ కప్పేది స్టాండుకి. మోసుకెళ్ళేది ఆ మెట్లున్న పెట్టెని, నన్ను కాదు.

లారీ వచ్చింది. నా వేళ్ళు నలిపిన ఆ ఇనుప తలుపు రెండు రెక్కలూ బార్లా తీస్తేగానీ అది రిహార్సల్ హాల్లోకి పట్టలేదు. గుడ్డ తీశాను. రెండు వైపులా రెయిలింగ్‌తో మెట్లు. నిజం మెట్లు. నీ ఉత్తరం అప్పుడు చదివాను. మన పాత ఉత్తరాల్లో ఏం రాశానో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. కొయ్యవి నాకు బరువు అని నేను రాయడం, మీరిద్దరూ కూర్చుండిపోవడం. ముందు పడీపడీ నవ్వాను. డ్రైవరు వింతగా చూశాడు. తర్వాత మొదటి మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. రెయిలింగ్ చివర నా అరచెయ్యి ఆనేచోట ఎంత నున్నగా చిత్రిక పట్టావు మామయ్యా. లేని కష్టానికి ఇంత చేశావు.

కచేరీ ఇక లేదనే అనుకున్నాను. మళ్ళీ చెయ్యడానికి నీకు వ్యవధి లేదు. అయినా ఇంత దూరం వచ్చినవాటిని ఎక్కకుండా పంపేస్తే పాపమనిపించి చెప్పులు విప్పి ఎక్కాను. చెక్క చల్లగా ఉంది. పైదాకా వెళ్ళి వెనక్కి దిగాను. నాలుగోదాని మీద ఎందుకో ఆగాను. బిళ్ళలు సంచిలోనే ఉన్నాయి. ఆ పూటే అన్నీ అతికించేశాను.

మడమ వేస్తే తొంభై. మునివేళ్ళ మీద దిగితే ముప్ఫై. పాదం పూర్తిగా ఆనించి బరువు మెల్లగా జరిపితే అంకె నీళ్ళు నిండినట్టు పెరుగుతుంది. నా చేతివేళ్ళు ఎప్పుడూ ఇంత చెప్పలేదు. నా ఒంటి బరువంతా ఒక స్వరంలోకి దిగుతోంది, చేతులు ఊరికే రెయిలింగ్ మీద ఉన్నాయి.

కానీ ఒక చిక్కుంది. నువ్వు పదమూడూ ఒకే మానులా కలిపేశావు. ఒకదాని మీద అడుగు వేస్తే ఆ అదురు అన్నింటికీ పాకి, పదమూడు బిళ్ళలూ ఒక్కసారే నేనంటే నేనంటాయి. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. వేటికవి విడిపోవాలి. ప్రతి మెట్టూ తన కింద రబ్బరు మీద విడిగా కూర్చోవాలి, అడుగు వేస్తే వెంట్రుకవాసి దిగాలి. నువ్వు చేసిన అతుకులు విడదీయాలి. అడగడానికి నోరు రావడం లేదు, అయినా అడుగుతున్నాను.

రెండు కాళ్ళున్న నీ గిలక్కాయ


ఏప్రిల్ 24

ఒసేయ్ దొంగా,

మీ అత్తయ్య ఆ మొదటి వాక్యం విని చేతిలో గిన్నె వదిలేసింది. అది గొల్లుమని ఏడ్చి, నవ్వి, తర్వాత నా మీద పడింది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే మనిషివి నువ్వు అంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మెట్లు చేసేవాడికి మెట్లు కావాలని రాస్తే, వాడు హార్మోనియం అనుకుంటాడా? తప్పు నీది. అయినా ఈ రోజు నిన్నేమీ అనబుద్ధి కావడం లేదు. కాళ్ళున్నాయి, అంతే చాలు. వేళ్ళ సంగతి తలచుకుని తర్వాత బాధపడతాను, ప్రస్తుతం సంతోషంగా ఉన్నాను.

నువ్వడిగింది మాత్రం నేను చెయ్యను. మెట్టు కదిలితే మనిషి పడతాడు. నాకు పని నేర్పినవాళ్ళు మొదట నేర్పింది అదే. కదిలే మెట్టు చేసినవాణ్ణి పనివాడు అనరు, ప్రాణం తీసేవాడు అంటారు. ఆ అతుకుల్లో రంపం పెట్టడమంటే నా చెయ్యి నేను కోసుకోవడమే. నీకు అరచేత్తో నొక్కేవి కావాలంటే రేపటినుంచే మొదలుపెడతాను, తిండి మానేసైనా అందిస్తాను.

పైది రాసి అంటించబోతుంటే మీ అత్తయ్య అడ్డం వచ్చింది. దానికి వేళ్ళు పోయాయి, కాళ్ళతో పాడతానంటోంది, నీకు అతుకులు ముఖ్యమా అంది. సోమవారం వస్తున్నాను. రబ్బరు నేనే తెస్తాను, నువ్వు కొంటే ఏ చెప్పుల అట్టో కొంటావు.

మామయ్య


మే 10

మామయ్యా,

నువ్వు వెళ్ళాక హాలు బోసిపోయింది. ఇప్పటికీ నేల మీద నీ టేకు పొట్టు కనిపిస్తూనే ఉంది, ఊడ్వనివ్వడం లేదు.

నీకు ఎదురుగా చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను. రంపం పెట్టేముందు నువ్వు ఒక్కో మెట్టు మీదా అరచెయ్యి వేసి కాసేపు నిలబడ్డావు. నేను అటు తిరిగిపోయాను. అన్నీ విడదీసి, రబ్బరు పరిచి, మళ్ళీ కూర్చోబెట్టి, నన్ను ఐదోదాని మీద నిలబడమన్నావు. నిలబడ్డాను. ఐదోది ఒక్కటే పలికింది. మిగతా పన్నెండూ నోరు మూసుకున్నాయి. నేను అరిచిన అరుపు నీకు వినపడలేదు గానీ, స్క్రీన్ మీద ఒక్క గీత లేవడం మాత్రం నాకన్నా ముందు నువ్వే చూశావు. ఆ గీతని వేలితో తాకి నా మొహంలోకి చూశావు. ఇంత పెద్ద మనిషి అంత చిన్నపిల్లాడిలా ఆశ్చర్యపోవడం నేనెప్పుడూ చూడలేదు.

రోజంతా సాధన చేస్తున్నాను. ఇందులో గెంతడం కుదరదు. మూడోదాని మీంచి పదోదానికి ఎగరలేను కదా. పాట అడుగడుగునా నడుచుకుంటూ వెళ్ళాలి. అందుకని పాత పాటలన్నీ పక్కన పెట్టేసి కొత్తది కడుతున్నాను. రెండు పాదాలు, రెండు స్వరాలు. ఒకటి నిలబడి ఉంటే ఇంకొకటి వెతుక్కుంటూ వెళుతుంది. కీబోర్డు మీద ఇన్నేళ్ళూ ఇలాంటిది నాకు తట్టనే లేదు.

కచేరీకి ఇద్దరూ రావాలి. ముందు వరస కుర్చీలు మీవే.

గిలక్కాయ


మే 20

గిలక్కాయా,

మీ అత్తయ్య వస్తుంది. నేను రాను. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఎందుకు కొరుకుతున్నావని అడిగాడట. ముందు వరసలో కూర్చుని అందరూ చప్పట్లు కొట్టినప్పుడు వాళ్ళని చూసి కొట్టడం, వాళ్ళు ఆపితే ఆపడం, అదంతా నాకు పడదు. ఆ మధ్య ఒక పెళ్ళిలో అందరూ లేచి నిలబడితే నేనూ లేచాను, తీరా చూస్తే ఫొటో కోసం వాళ్ళు అడ్డం తప్పుకుంటున్నారట. చాలు ఆ మర్యాద.

నిష్ఠూరం అనుకోకు. నీ పాట నాకు అందదు, అంతే. అందనిదాని ముందు కూర్చుని అందినట్టు నటించడం నీ దగ్గర నాకు ఇష్టం లేదు.

ఒక్క మాట మాత్రం చెబుతాను. ఎక్కేటప్పుడు అందరూ బాగానే ఎక్కుతారు, మనిషి తడబడేది దిగేటప్పుడే. దిగేటప్పుడు కిందికి చూడకు. మెట్టు ఉన్నచోటే ఉంటుంది, నేను పెట్టాను కదా.

మామయ్య


జూన్ 18

మామయ్యా,

కచేరీ అయింది. పడలేదు.

అత్తయ్య చెప్పే ఉంటుంది. తను మొత్తం కచేరీ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని చూసిందట, నేను పడితే పరిగెత్తుకొచ్చి పట్టుకోవడానికి. హాలు నిండిపోయింది. దీపాలు తీసేశారు, మెట్ల మీద మాత్రం కాస్త వెలుతురు. చెప్పులు విప్పి మొదటిదాని మీద అడుగు పెట్టాను. కిందినుంచి ఒక స్వరం లేచింది మామయ్యా. హాలు గోడల్లోంచి, కుర్చీల కిందనుంచి, నా మోకాళ్ళలోంచి. అది నేను చేసిన శబ్దమేనని తెలిసినా భయం వేసింది. బరువు రెండో పాదం మీదికి జరిపితే ఆ స్వరం పక్కన ఇంకొకటి వచ్చి నిలబడింది. ఆ తర్వాత ఎక్కడం, దిగడం, ఆగడం. ఎంతసేపో తెలియలేదు. అంతమందిలో ఒక్కరూ దగ్గలేదు.

అయిపోయాక అందరూ లేచి నిలబడ్డారు. ఇంటికొచ్చి పడుకున్నాను, నిద్ర లేచాక మొదలైంది నా బాధ. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట. మెట్లు భలే ఉన్నాయి, ఎలా చేశారు, ఎవరు చేశారు, ఎంత విచిత్రం అని. మేనేజరు సంబరపడిపోతున్నాడు, మెట్ల అమ్మాయి మళ్ళీ ఎప్పుడు వస్తుందని జనం అడుగుతున్నారట. పాట ఎలా ఉందని ఒక్కరూ అనలేదు. కోతి తీగ మీద నడిచినా జనం లేచి నిలబడతారు మామయ్యా. వాళ్ళు చప్పట్లు కొట్టింది పాటకా, మెట్లకా? ఆ మెట్లు తీసేస్తే అక్కడ సంగీతం ఏమైనా మిగులుతుందా? నేనింకా పాటగత్తెనేనా, గారడీదాన్నా? నాకే తెలియడం లేదు. అత్తయ్యని అడిగితే బంగారంలా ఉందే అంటుంది. తను నా కాళ్ళకేసి తప్ప దేనికేసీ చూడలేదు, వినలేదు.

అందుకే నీకు ఒకటి పంపుతున్నాను. కంట్రోలర్ జరిగింది జరిగినట్టు చెబుతుందన్నాను కదా, ఆ చెప్పిందంతా కాగితం మీదికి తీశాను. పొడుగ్గా చుట్ట చుట్టి ఉంది, విప్పుకుంటూ వెళ్ళు. అడ్డంగా పదమూడు గీతలు, కింద మొదటి మెట్టు, పైన పదమూడోది. వాటి మీద నల్లపట్టీలు ఉన్నాయి చూడు, ఎక్కడ పట్టీ ఉందో ఆ మెట్టు మీద నేను ఉన్నట్టు. పట్టీ పొడుగైతే ఎక్కువసేపు ఉన్నట్టు. పక్కన అంకె బరువు. అంతే, శబ్దం గురించి అందులో ఒక్క ముక్క లేదు. అది చూసి ఏమనిపిస్తే అది రాయి. బాగుందని రాయకు, నిజం రాయి.

గిలక్కాయ


జూలై 2

గిలక్కాయా,

నీ కాగితం వచ్చింది. మొదట చూస్తే నాకేమీ అర్థం కాలేదు. బల్ల మీద పరిచి కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని చూశాను. చెదలు తిన్న పలకలా ఉంది. దీన్నిబట్టి నీకు నేనేం రాయను అనుకున్నాను. రెండు రోజులు అలాగే వదిలేశాను.

దుకాణంలో ఎవరింటికో చేసిన మెట్లు నిలబెట్టి ఉన్నాయి. ఇవాళ పొద్దున వాటికి పాలిష్ పెట్టే ముందు ఒకసారి ఎక్కి చూశాను, అది నా అలవాటు. ఎక్కుతుంటే బుద్ధి పుట్టింది. నాకు చెవుల్లేవు గానీ కాళ్ళున్నాయి కదా అనిపించింది. మీ అత్తయ్యని పిలిచి కాగితం దాని చేతికిచ్చాను. నువ్వు విప్పుకుంటూ రా, ఏ మెట్టో వేళ్ళతో చూపించు, ఎంతసేపో చెయ్యి ఎత్తి ఉంచు, బరువైతే గుప్పిట బిగించు అన్నాను. మొదట్లో ఇద్దరం పోట్లాడుకున్నాం. అది మూడు చూపిస్తే నేను నాలుగు ఎక్కాను, నేను ఆగితే అది తిట్టింది. తిట్టిందనే అనుకుంటాను, పెదాలు కదిలాయి. తర్వాత కుదిరింది.

ఎక్కాను. ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి. మూడోదాని మీద బరువుగా. మళ్ళీ ఒకటి. నువ్వు వెళ్ళడం, భయపడి వెనక్కి రావడం నా మోకాళ్ళకి తెలుస్తోంది. ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కువ వెళుతున్నావు. వెనక్కి వచ్చినప్పుడల్లా అడుగు తేలికవుతోంది. నా వయసుకి ఆయాసం వచ్చింది, మీ అత్తయ్య ఆపమంది, ఆపలేదు. ఏడోదాని దాకా వెళ్ళి వచ్చావు. ఎనిమిదోదాని దాకా వెళ్ళి వచ్చావు.

అక్కడ కాగితం మడతపడి మీ అత్తయ్య చేతిలో ఇరుక్కుంది. అది తల వంచుకుని మడత విప్పుతోంది. ఇంకా వేలు చూపించలేదు. నేను కింద ఆగి ఉన్నాననుకున్నాను. లేను. నా అంతట నేనే ఎక్కి వెళ్ళి తొమ్మిదోదాని మీద నిలబడి ఉన్నాను, గట్టిగా, రెండు పాదాలూ ఆనించి. ఎలా వెళ్ళానో తెలియదు. మీ అత్తయ్య మడత విప్పి కాగితం చూసింది. నన్ను చూసింది. మళ్ళీ కాగితం చూసింది. తొమ్మిది వేళ్ళు ఎత్తి, గుప్పిట బిగించింది.

నాకు ఎవరూ చెప్పలేదే. ఆ తర్వాత ఏది రావాలో నా కాలికి ముందే తెలిసింది. చెవులు పోయాక పాట అన్నది నాకు మళ్ళీ తగలదనుకున్నాను. ఈ రోజు తగిలింది, దుకాణంలో, పొట్టులో, పాలిష్ వాసనలో.

నిజం రాయమన్నావు. గారడీ అయితే తర్వాత ఏం వస్తుందో ఎవరికీ తెలియదు, తెలియకుండా ఉండటానికే గారడీ చేస్తారు. నాకు తెలిసింది. అక్కడ నీ మెట్లు లేవు, నువ్వు లేవు, శబ్దం లేదు, జనం లేరు. ఎవరింటివో మెట్లు, ఒక చెవిటివాడు. అయినా తెలిసింది. అది పాటేనే.

మీ అత్తయ్య ఇక చాలు, దిగమంది. కాగితం ఇంకా సగం ఉంది. రేపు పొద్దున మిగతాది ఎక్కుతాను.

మామయ్య